చెంగిచెర్ల కాక చెయ్యి పట్టి చూస్తే

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డులో ఘట్‌కేసర్ బస్సెక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాను. డ్రైవర్ చిన్న వయసువాడే. బండి స్టార్ట్ చేశాడు. గేరు వెయ్యబోతూ ఆగి, ఇంజన్ మూత మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం పక్కకు వంచి ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. తర్వాత తనలో తనే తలాడించుకుని బండి కదిలించాడు. నాకు నవ్వాగలేదు. పక్కన కూర్చున్నామె నన్ను ఎగాదిగా చూసి తన సంచి ఒళ్లోకి లాక్కుంది. పొద్దున్నే బస్సులో తనలో తనే నవ్వుకునే ఆడదాన్ని చూస్తే నేనైనా అదే పని చేస్తాను.

ఆమెకు చెంగిచెర్ల కాక తెలిసి ఉంటే తనూ నవ్వేది.

కాక పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆయనకు పేరు లేదని కాదు. మేం వైద్యానికి పోయే సెంటర్‌లో సిస్టర్లు ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. మాకే అది నోటికి రాలేదు. చెంగిచెర్ల నుంచి వచ్చేవాడు కాబట్టి చెంగిచెర్ల కాక. నేను నాచారంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను కాబట్టి ఆయనకు టీచరమ్మను. మనసు బాగుంటే బిడ్డను. నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద ఉంటాడేమో, కానీ మా ఇద్దరి మధ్య పోట్లాట మాత్రం సమానంగా నడిచేది.

మా పరిచయం డయాలసిస్ మంచాల మీద. నాచారం మెయిన్ రోడ్డులో కింద టైర్ల దుకాణం, పైన మా సెంటర్. కిడ్నీలు పని మానుకున్న మేమంతా వారానికి మూడుసార్లు తెల్లారే వచ్చి, రక్తాన్ని మెషిన్‌తో కడిగించుకుని, ఒంట్లో పేరుకున్న నీళ్లు తీయించుకుని వెళ్లేవాళ్లం. మాకది వైద్యం. కాకకు మాత్రం డ్యూటీ. జన్మంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. "డ్యూటీకొచ్చిన" అంటూ లోపలికి వచ్చేవాడు, "డ్యూటీ దిగిన" అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు. మెషిన్‌ను బండి అనేవాడు. ఎవరైనా ఆలస్యంగా వస్తే, ఫస్ట్ బండి పోయిందని, ఇక ఘట్‌కేసర్ దాకా నడవాల్సిందేనని ఏడిపించేవాడు.

మీసానికి నల్లరంగు వేసేవాడు, తలకు వేసేవాడు కాదు. అదేమిటని అడిగితే మీసం తనదని, తల దేవుడిదని చెప్పేవాడు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల. నోరు మాత్రం సూదులు గుచ్చిన దగ్గర్నుంచి తీసేదాకా మూతపడేది కాదు. దానికీ ఆయన దగ్గర కారణం ఉంది. డ్రైవర్ సీటు వెనక 'డ్రైవర్‌తో మాట్లాడరాదు' అని రాసి ఉంటుంది కదా. నౌకరీ అంతా ఆ రాత కింద నోరు మూసుకుని కూర్చున్నాడట. కండక్టర్ మాత్రం బస్సంతా తిరుగుతూ లోకమంతటితో ముచ్చట్లు పెట్టేవాడట. "గా మాటలన్ని కడుపులనే ఉన్నయి, ఇప్పుడు దించుతున్న" అనేవాడు. నాలాంటి కోపిష్టిది పక్క మంచం మీద పడడం ఆయన అదృష్టమో నా గ్రహచారమో మొదట్లో అర్థం కాలేదు.

కిడ్నీలు ఎందుకు పోయాయో ఆయనకు ఆయనదే ఒక లెక్క. ఉప్పల్ నుంచి పట్నం నడిబొడ్డు దాకా ట్రాఫిక్‌లో వెనక బస్సు నిండా జనాన్ని పెట్టుకుని ఎక్కడ ఆపుతాం, ఎక్కడ దిగుతాం, ఆపుకుని ఆపుకుని ఇట్లా అయిందనేవాడు. డాక్టర్ మాత్రం సుగరు, బీపీ అని చెప్పాడు. కాకకు ఆ మాట మీదా కోపం లేదు. "డాక్టర్‌ది డాక్టర్ జెప్పిండు, నాది నేను జెప్పిన" అని ఇద్దరినీ గెలిపించేవాడు. నా సంగతి అంతకన్నా అన్యాయం. తలనొప్పి వస్తుంటే కళ్లద్దాలు మార్చాను. మళ్లీ వస్తే మళ్లీ మార్చాను. అది బీపీ అని తేలేసరికి కళ్లు బాగానే ఉన్నాయి, కిడ్నీలే లేవు.

మెషిన్ ఎక్కేముందు బరువు చూస్తారు. పోయినసారి దిగినప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగితే అంత నీళ్లు తాగినట్టు. అక్కడ అబద్ధం చెల్లదు. కాక ఆ కాటా పక్కన నిలబడి ఒక్కొక్కరినీ ఎక్కించేవాడు. ఎవరి బరువైనా ఎక్కువ చూపిస్తే, ఓవర్‌లోడ్, ఇద్దరు దిగాలె, అనేవాడు. నీళ్ల గురించి మాత్రం వేళాకోళం తగ్గించి మాట్లాడేవాడు. దప్పిక ఎంత పెద్ద దయ్యమో మా వాళ్లకే తెలుసు. ఎండాకాలం ఉప్పల్ చౌరస్తాలో చెరుకురసం బండి గంట మోగితే కాళ్లు వాటంతటవే అటు తిరుగుతాయి. ఆయన ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని అది కరిగేదాకా చెంగిచెర్ల గల్లీలన్నీ తిరిగి వచ్చేవాడట. నీళ్లు తాగొద్దంటే కలలోకి కూడా నీళ్లే వస్తాయి. ఒకసారి కలలో హుస్సేన్‌సాగర్ అంతా తాగి లేచానని, కాటా ఎక్కడానికి భయమేసిందని చెప్పి వార్డంతా నవ్వించాడు.

మెషిన్ మీది మొదటి గంట మాకు పండగ. ఇంట్లో ముట్టకూడనివన్నీ అప్పుడే తింటాం. మామిడి ముక్క, అరటిపండు, టమాట పచ్చడి. తిన్నదాన్ని మెషిన్ ఎలాగూ కడిగేస్తుందని మా నమ్మకం. సిస్టర్లు మొదట కసిరేవాళ్లు, తర్వాత కొంచెమైతే చూసీ చూడనట్టు పోయేవాళ్లు. కాక డబ్బా కోసం మేమంతా ఎదురుచూసేవాళ్లం. ఆయన భార్య, మాకు చిన్నమ్మ, అప్పటికి మేమెవరం ఆమె మొహం చూడలేదు గానీ ఆమె చేతి పచ్చడి మాకు బాగా పరిచయం. డబ్బా మూత మాత్రం ఎప్పుడూ మా చేతికే ఇచ్చి తీయించేవాడు. ముందు మేం తీసుకోవాలని మర్యాద కాబోలు అనుకునేదాన్ని. "బండి మీద తిన్నది నాలికెకు తెల్వాలె గని నెత్తురుకు తెల్వొద్దు" అంటూ అందరికీ ఒక్కో ముక్క పంచిపెట్టించేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది, అది ఇప్పటికీ మా వార్డులో ఉంది. దాన్ని చెప్పాలంటే ముందు మా చేతుల సంగతి చెప్పాలి. డయాలసిస్ వాళ్లకు చేతికి చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలుపుతారు. రక్తం జోరుగా పారి పైనాళం తాడులా లావెక్కుతుంది. అప్పుడు దానికి మెషిన్ సూదులు గుచ్చవచ్చు. డాక్టర్లు ఫిస్టులా అంటారు, మేం చెయ్యి అంటాం. మంచి చెయ్యి మీద వేళ్లు పెడితే లోపల సన్నగా గుర్రుమంటుంది, పిల్లి ఒళ్లో పడుకున్నట్టు. ఆ గుర్రు ఆగిందంటే చెయ్యి పోయినట్టే. అందుకే ఆ చేతికి గాజులు వేసుకోం, గడియారం కట్టం, బరువు మొయ్యం, దాని మీద తల పెట్టి పడుకోం.

కాక పొద్దున్నే రాగానే నమస్తే అనేవాడు కాదు, బాగున్నావా అనేవాడు కాదు. మంచం మంచానికీ పోయి, "చెయ్యి దే" అనేవాడు. రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసి, తల పక్కకు వంచి వినేవాడు. "నడుస్తున్నది" అని తేల్చి పక్క మంచానికి పోయేవాడు. డిపో గేటు దాటకముందే బండిని చూసుకోవాలి, రోడ్డు మీద ఆగితే తిట్టేది జనమే అని ఆయన సిద్ధాంతం. తర్వాత సిస్టర్ వచ్చి స్టెత్ పెట్టి అసలు పరీక్ష చేసేది. కానీ కాక చెప్పకపోతే మాకు ఆ పూట సరిగ్గా మొదలైనట్టు ఉండేది కాదు. కొన్నాళ్లకు మేమందరం ఒకరి చెయ్యి ఒకరం పట్టి చూసుకోవడం మొదలుపెట్టాం. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో మతం అనుకుని బిత్తరపోయేవాళ్లు.

అప్పటికి నాకు మాత్రం పట్టి చూపించడానికి చెయ్యి లేదు. ఉన్న చెయ్యిని నేనే చెడగొట్టుకున్నానని మా ఇంటి కోర్టు తీర్పు. ఎడమ మణికట్టు దగ్గర మొదట చేసిన ఆపరేషన్ బాగానే పట్టింది. ఇంకొన్నాళ్లు ఆగితే సూదులు గుచ్చేవాళ్లు. ఈలోగా మా ఆడబిడ్డ కూతురి పెళ్లొచ్చింది. జబ్బు మనిషిలా కనపడకూడదని పాత పట్టు జాకెట్టు ఇరికించుకుని వేసుకున్నాను. ఒంట్లో నీరు, జాకెట్టు చేతులేమో బిగుతు. అందరి ముందూ ఒక చేతికే గాజులుంటే బాగుండదని ఎడమ చేతికి కూడా నిండా వేసుకున్నాను. ఫొటోలు బాగా వచ్చాయి. సాయంత్రం జాకెట్టు విప్పి చూసుకుంటే చెయ్యి చప్పబడి ఉంది. జాకెట్టు వల్లే అని చెప్పలేమని డాక్టర్ అన్నాడు గానీ మా అత్త మాత్రం నాలుగు వీధులకూ చెప్పగలిగింది.

చెయ్యి లేనివాళ్లకు మెడలో పైపు వేస్తారు. నాకు కుడి పక్కన, భుజం మీదికి రెండు మూతులతో వేలాడేది. బడిలో మెడ చుట్టూ చున్నీ చుట్టుకుని పాఠం చెప్పేదాన్ని. అది తడవకూడదు, అందుకని తలస్నానం లేదు. నెత్తి జిడ్డు వాసన నాకే వచ్చేది. మా వాడు అప్పుడు అయిదో తరగతి. మెడ పట్టుకుని వేలాడే పిల్లాడు పైపుకు భయపడి దూరంగా కూర్చోవడం నేర్చుకున్నాడు. అది నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది. పైగా ఆ పైపు దారిన జ్వరం లోపలికి వచ్చేది. మెషిన్ మీద ఉండగానే పళ్లు టకటకలాడే చలి. ఒకసారి వచ్చింది, మందులతో తగ్గింది. రెండోసారి వచ్చినప్పుడు మా ఆయన మొహం చూసి నాకు విషయం అర్థమైంది. ఇక ఇలాంటి జ్వరాలకు ఒళ్లు తట్టుకోదని, ఎంత తొందరగా చెయ్యి తయారైతే అంత మంచిదని డాక్టర్ చెప్పాడు. అదే ఎడమ చేతికి మోచేతి దగ్గర రెండో ఆపరేషన్ చేశాడు. ఇదన్నా నిలబడితే పైపు తీసేస్తారు. నిలబడకపోతే తొడలో పైపు. ఆ తర్వాత సంగతి డాక్టరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

చెయ్యి తయారవ్వాలంటే రోజంతా రబ్బరు బంతి పిసకాలి. రక్తం పారి నాళం పెరుగుతుంది. మా వాడి టెన్నిస్ బంతి తీసుకుని పిసికాను. బస్టాపులో పిసికాను, స్టాఫ్ రూములో పిసికాను, కూర ఉడికేలోపు పిసికాను. తోటి టీచర్లు నా మీద జాలిపడ్డారు. నాకు జాలిపడేవాళ్లను చూస్తే ఆ బంతితోనే కొట్టాలనిపిస్తుంది. ఎన్నాళ్లు పిసికినా చెయ్యి మీద వేళ్లు పెడితే ఏమీ తెలియలేదు. సిస్టర్ స్టెత్ పెట్టి, సన్నగా వినపడుతోంది, చూద్దాం, అనేది. చూద్దాం అనే మాట దవాఖానాల్లో ఎప్పుడు వాడతారో నాకు తెలుసు. ఒకరోజు బంతి మా వాడి ముందు విసిరేసి, పో, ఆడుకో అన్నాను. వాడు పొంగిపోయి గల్లీలోకి పరుగెత్తాడు. నేను తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు డ్యూటీ. కాక మంచాలన్నీ తిరిగి నా దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు నా చెయ్యి ఆయన పట్టి చూసేవాడు కాదు, కుట్లు పచ్చిగా ఉన్నాయని. ఆ రోజు నా ఖాళీ చేతిని చూసి బంతేదని అడిగాడు. పిల్లాడికి ఇచ్చేశానన్నాను. ఎందుకని అడిగాడు. ఇక నాకు ఒళ్లు మండింది.

"ఇది గూడ పోయింది కాకా. నాకేం తెలుస్తలేదు. నీకు నమ్మకం లేకుంటే సూస్కో" అని చెయ్యి ఆయన మీదికి చాపాను.

కాక మంచం అంచున కూర్చున్నాడు. రెండు వేళ్లు కాదు, ఆ రోజు అరచెయ్యి మొత్తం నా మోచేతి మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. తల వంచాడు. మిగతావాళ్ల దగ్గర క్షణంలో తేల్చేవాడు నా దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే మోటారు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. అప్పుడు ఆయన లేదని తల ఊపి ఉంటే నేను ఆ పూటే మెషిన్ ఎక్కకుండా ఇంటికి పోయేదాన్ని. పోయి మళ్లీ వచ్చేదాన్ని కాదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు, మనసులో అప్పటికే తేల్చుకుని వచ్చాను.

"నడుస్తున్నది" అన్నాడు.

"మరి నాకెందుకు తెలుస్తలేదు?"

"నీ బండి సప్పుడు నీకెట్ల తెలుస్తది? డ్రైవర్ చెవులకు అలవాటైతది. ఎక్కినోళ్లకే మంచిగ ఇనొస్తది. పొయ్యి గా బంతి దెచ్చుకో."

అంత ధీమాగా చెప్పిన మనిషిని నమ్మకపోతే పాపం తగులుతుందనిపించింది. ఆ సాయంత్రం మా వాడి దగ్గర బంతి లాక్కున్నాను. వాడు గల్లీ అంతా వినపడేలా ఏడ్చాడు. కొత్తది కొనిస్తానని బతిమాలుకుని మళ్లీ పిసకడం మొదలుపెట్టాను. వచ్చిన ప్రతిసారీ కాక ముందు నా మంచం దగ్గరికే వచ్చేవాడు. అరచెయ్యి పెట్టి, కళ్లు మూసి, నడుస్తున్నది అనేవాడు. ఒకసారి మొన్నటికన్నా జోరు పెరిగిందన్నాడు. ఇంకోసారి టాప్ గేరులో పడిందన్నాడు. అబద్ధమాడితే కళ్లు పోతాయని నేనన్నాను. పోయినా నష్టం లేదు, రిటైరైన డ్రైవర్‌కు కళ్లెందుకు అన్నాడు.

ఆ తర్వాత ఒక పొద్దున స్టాఫ్ రూములో కాపీలు దిద్దుతూ మోచెయ్యి బల్ల మీద ఆనించాను. లోపల ఏదో కదిలినట్టయింది. మొదట బల్ల ఊగుతోందనుకున్నాను. చెయ్యి ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. గుర్రుమంటోంది. పిల్లల కాపీలు అలాగే వదిలేసి హెడ్‌మాస్టర్ గదిలోకి పోయి ఆయన చెవి దగ్గర నా మోచెయ్యి పెట్టాను. పాపం ఆయన చాలా మర్యాదస్తుడు, విని బాగుందన్నాడు.

చెయ్యికి మొదటిసారి సూదులు గుచ్చిన రోజు ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. అంత నొప్పిలోనూ అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు. కొన్నాళ్లకు మెడలో పైపు తీసేశారు. గాయం మానాక తలస్నానం చేశాను. కుంకుడుకాయ పులుసు కళ్లల్లో పడి మండుతున్నా బయటికి రాలేదు. మా ఆయన తలుపు కొట్టి, ట్యాంకరు తెప్పించమంటావా అని అడిగాడు. మా వాడు వచ్చి తడి జుట్టుతో ఉన్న నా మెడ పట్టుకుని వేలాడాడు. వాడు కొంచెం బరువెక్కాడని అప్పుడే తెలిసింది. కాక మాత్రం పెద్దగా ఏమీ ఆశ్చర్యపోలేదు. తనెప్పుడో చెప్పానని, వినకపోతే తనేం చేస్తానని, ఆ రోజు డబ్బాలో వచ్చిన మామిడి ముక్కల్లో పెద్దది నాకిచ్చాడు.

ఆ తర్వాత మాకు మంచి రోజులు నడిచాయి. డయాలసిస్‌లో మంచి రోజులేమిటని బయటివాళ్లు అడుగుతారు. పక్క మంచం మీద మాటకారి ఉండి, డబ్బాలో పచ్చడి ఉండి, కాటా మీద ముల్లు చెప్పిన చోట ఆగితే అంతకన్నా ఏం కావాలి. కాక నాచేత బడి పిల్లల తప్పులన్నీ చెప్పించుకుని నవ్వేవాడు. నేను ఆయనచేత బస్సులో ప్రసవించిన ఆడవాళ్ల కథలు, తప్పిపోయిన మేకల కథలు చెప్పించుకునేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదు. గుండె ఆగిందన్నారు. సోమవారం పొద్దున సిస్టర్ ఆ మాట చెప్పేసరికి మేమందరం అప్పటికే సూదులతో మెషిన్లకు కట్టేసి ఉన్నాం. ఆ పూట ఎవరం డబ్బా తెరవలేదు. మా వార్డులో ఎవరు పోయినా మిగతావాళ్లం చివరిచూపుకు పోలేం, మెషిన్ రోజైతే కదలలేం. దినం కూడా మా డ్యూటీ రోజే పడింది. మర్నాడు మా ఆయనా నేనూ చెంగిచెర్ల వెళ్లాం.

కొత్తగా లేచిన కాలనీల మధ్య వాళ్లది పాత రేకుల వరండా ఉన్న ఇల్లు. చుట్టాలంతా ముందురోజే వెళ్లిపోయారు. చిన్నమ్మ వరండాలో ఒక్కతే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనెవరో చెప్పుకున్నాను. ఆమె చేతిలో పని ఆపి, టీచరమ్మవా, అని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఛాయ్ పెట్టింది. నాకు అరగ్లాసే ఇచ్చింది, మా లెక్కలన్నీ ఆమెకు తెలుసు. కాక ముచ్చట్లే మాట్లాడుకున్నాం. మీసానికి రంగేసుకుని దిండుకు పూసిన ముచ్చట చెప్పి ఆమే నవ్వింది. పొద్దున్నే అందరి చేతులూ పట్టి చూసేవాడని, ఆయన వేళ్లు పెట్టి చెబితే మాకు ధైర్యంగా ఉండేదని నేను చెప్పాను.

"వేళ్లా?" అంది. "సుగరొచ్చి ఆయన వేళ్లు మొద్దువారి శాన ఏండ్లాయె బిడ్డా. అంగీ గుండీలు నేనే పెడుతుంటి. ఛాయ్ గిలాస కాలుతున్నా తెల్వకపోతుండె. డబ్బ మూత గూడ తీయరాకపోతుండె ఆయనకు."

మా ఆయన నా వైపు చూశాడు.

"మరి మా చేతులు సూస్తుండె గద చిన్నమ్మా."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తనకేం తెలుస్తుందని, అందరి చేతులూ ఎలాగూ బాగానే ఉంటాయి, సిస్టర్ ఎలాగూ చూస్తుంది, ఒక మంచి మాట చెబితే తన సొమ్మేం పోతుందని అనేవాడట. తర్వాత నవ్వాపింది.

"నీ ఒక్కదాని కాడ్నే భయపడ్డడు. గా పొద్దు డ్యూటీ దిగొచ్చి బువ్వ తినలే. 'టీచరమ్మ చెయ్యి నడుస్తున్నదని జెప్పొచ్చిన. నడుస్తున్నదో లేదో నాకెట్ల తెలుస్తది? అది బంతి వడేసింది, పానం గూడ వడేసేటట్టున్నది. నేనైతె జెప్పిన, ఇగ నువ్వు మొక్కు' అన్నడు."

చిన్నమ్మ రోజూ దీపం పెట్టి మొక్కిందట. నా పేరు ఆమెకు తెలియదు. టీచరమ్మ చెయ్యి చల్లగా ఉండాలి, ఈయన మాట పోకూడదు అని మొక్కిందట. పైపు తీశారని కాక వచ్చి చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. చెయ్యి నడుస్తుందని ముందు చెప్పింది అబద్ధమే అయినప్పుడు ఇది మాత్రం నిజమని ఏమిటి? అందుకని మొక్కడం ఆపలేదు. ఆయన పోయిన రోజు కూడా పొద్దున దీపం పెట్టి మొక్కిందట.

నాకు ఆయన మీద పీకల దాకా కోపమొచ్చింది. మళ్లీ కళ్లెదుట ఉంటే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. నా బతుకును ఆ మనిషి ఏమీ తెలియని అరచేత్తో పట్టుకుని, తెలిసినట్టు కూర్చుని, ఇంటికి వచ్చి అన్నం మానేశాడు. నా మీద ఇంత ప్రేమ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

అబద్ధమాడాడని కోపమా అని చిన్నమ్మ అడిగింది. కాదని తలూపాను. ఆమె కాసేపు నన్నే చూసి, "ఏ చెయ్యి బిడ్డా అది?" అంది.

ఎడమ చెయ్యి చాపాను. ఆమె చింతపండు అంటిన చెయ్యిని కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. నా మోచేతి మీద అరచెయ్యి పెట్టింది. ఉలిక్కిపడి తీసేసింది. మళ్లీ పెట్టింది, ఈసారి తియ్యలేదు. అలాగే పట్టుకుని, లోపల గోడకున్న కాక ఫొటో వైపు తిరిగింది.

"ఇగో ఇంటున్నవా" అంది. "నిజంగనే నడుస్తున్నదయ్యా."